అద్దాల గదిలో మందులక్క

కూర్చుని చేసే ఉద్యోగం నాకు సరిపడదని నలభై దాటాక తెలిసింది. అంతకుముందు కూర్చునే అవకాశమే రాలేదు.

ధర్మవరంలో మగ్గాల వీధుల మొదట్లో ఒక మందుల షాపు ఉండేది. ఫార్మసీ డిప్లొమా చేతికి రాగానే అందులో చేరాను. షాపులో ఒక్కటే కుర్చీ. అది యజమానిది, ఆయన కూడా అందులో కూర్చున్నది తక్కువ. నేను పొద్దున షట్టరు ఎత్తింది మొదలు కౌంటరు వెనక నిలబడే ఉండేదాన్ని. చీటీ చదవడం, అరలోంచి మందు తీయడం, అట్ట కత్తిరించడం, కవరు మీద రాయడం, చెప్పడం, మళ్ళీ చెప్పడం. నా పనిలో సగం నోటితోనే. "ఇది తిన్నాక. ఇది తినకముందు. ఇది వేసుకున్నాక మగ్గం గుంటలోకి దిగొద్దప్పా, తల తిరుగుతుంది."

నేతవాళ్ళ ఒళ్ళు నాకు చీటీ చూడకుండానే తెలిసిపోయేది. గుంటలో కాళ్ళు వేలాడేసి ఏళ్ళ తరబడి తొక్కిన మోకాళ్ళు, జరీ పోగుల కోసం చిట్లించి చిట్లించి మసకబారిన కళ్ళు. చూపు ఆననివాళ్ళకు రాత్రి మాత్రల అట్టకు ఒక మూల కత్తిరించి ఇచ్చేదాన్ని. వేళ్ళతో తడుముకుంటే తెలిసేది. వాళ్ళు నన్ను పేరుతో పిలవలేదు. మందులక్క అనేవాళ్ళు.

రెండేళ్ళ కిందట యజమాని ఒక సాయంత్రం అరలు తుడుస్తున్న నా దగ్గరకొచ్చి, "షాపు కంపెనీవాళ్ళకు ఇచ్చేసినామ్మా," అన్నాడు. ఎదురుగా ఒకటి, బస్టాండు దగ్గర ఒకటి పెద్ద మందుల దుకాణాలు వచ్చాయి. వాళ్ళిచ్చే తగ్గింపు ఈయన ఇవ్వలేకపోతున్నాడు. "నువ్వు మాత్రం ఉండల్ల అని చెప్పినా. అరలు, ఫ్రిజ్జు, నువ్వు. అన్నీ కలిపి ఇచ్చినా," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నెల తిరక్కుండా షాపు రూపం మారిపోయింది. తెల్లటి దీపాలు, చల్లటి గాలి, తలుపు దగ్గర నంబరు చీటీ ఇచ్చే యంత్రం. ముందువైపు సబ్బులు, పిల్లల పాలడబ్బాలు. వెనకవైపు నా కోసం ఒక అద్దాల గది కట్టారు. అందులో కుర్చీ, తెర. కౌంటర్లో అమ్మాయిలు చీటీని ఫోటో తీస్తే అది నా తెర మీదికి వస్తుంది. నేను చూసి, సరిగ్గా ఉంటే పచ్చ మీట నొక్కాలి, లేకపోతే ఎర్ర మీట. పచ్చ నొక్కితే కౌంటర్లో బిల్లు పడుతుంది. మా షాపువే కాదు, కదిరి నుంచీ తనకల్లు నుంచీ జనం ఫోన్లో పంపే చీటీలు కూడా వచ్చిపడేవి. తెర పైన ఒక సన్నటి గీత. చీటీ వచ్చినప్పుడు నీలంగా ఉండి, ఆలస్యమయ్యేకొద్దీ ఎర్రబడేది.

దాన్ని ఊరికే తిట్టను. డాక్టర్ల రాత అర్థంకాక కళ్ళు నొప్పిపుట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. గడువు తీరిన మందు పొరపాటున కూడా బయటికి పోకుండా ఆ యంత్రం ఆపుతుంది. రెండు మందులు ఒకదానికొకటి పడవని మోగి చెబుతుంది. ఒకసారి నేను చూడనిది అది చూసింది కూడా. పని తప్పుగా లేదు. పనిలోంచి మనుషులు వెళ్ళిపోయారు, అంతే.

అద్దంలోంచి వాళ్ళ పెదాలు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. ఒకాయన కడుపు పట్టుకుని ఏదో చెప్తున్నాడు, కౌంటరమ్మాయి తలూపుతోంది. ఏం చెప్తున్నాడు? అతని చీటీలో కడుపు మందేమీ లేదే. లేవబోతే తెర మోగేది. మళ్ళీ కూర్చునేదాన్ని. కాళ్ళు ఊరుకునేవి కావు. బల్లకింద ఒక పాదం ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. ఇంటికి పోయి పడుకున్నా ఆడేది. "మగ్గం తొక్కుతాండావా?" అనేవాడు మా ఆయన.

నీళ్ళ సీసా గదిలో పెట్టుకోవడం మానేశాను. నీళ్ళ వంకతో బయటికి రావచ్చని. ఇది కూడా మేనేజరు గమనించాడు. అనంతపురం నుంచి వారానికొకసారి వచ్చే కుర్రాడు. మర్యాదస్థుడు, ఎప్పుడూ మేడమ్ అనే పిలిచేవాడు. "మీరు సీట్లో లేని టైమంతా రిపోర్టులో వస్తాది మేడమ్. మీ మంచికే చెప్తాండా."

పాత యజమాని రక్తపోటు మాత్రల కోసం వచ్చినప్పుడు నంబరు చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. తను కట్టించిన షాపులో తన నంబరు పిలిచేదాకా ఎదురుచూశాడు. అద్దంలోంచి నేను చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు. మాట్లాడుకోవడం కుదరలేదు.

ఎండలు మండుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, నీళ్ళకని బయటికి వచ్చాను. కౌంటరు దగ్గర ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నోటిపూతకు మందు అడుగుతోంది. కౌంటరమ్మాయి చురుకైన పిల్ల, అడిగీ అడగకముందే ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. దానికి చీటీ అక్కర్లేదు. కాబట్టి నా తెర మీదికి రాదు. నేను గదిలోనే ఉండివుంటే ఆమె వచ్చిందని కూడా నాకు తెలిసేది కాదు.

ఆమె నాకు తెలుసు. పట్టుచీరలు నేసే ఇంటి కోడలు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుకు కొత్త పోగును ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టే పని ఆమెది. వేల పోగులు. ఆ పని చేసే వేళ్ళకే కీళ్ళవాతం పట్టుకుంది. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. అనంతపురంలో పెద్ద డాక్టరు ఒక మాత్ర రాశాడు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాని వల్ల ఒంటికి చెరుపు జరక్కుండా, మిగతా రోజుల్లో వేసుకోవడానికి ఇంకో మాత్ర. రెండూ పసుపుపచ్చవే. పాత షాపులో ఉన్నన్నాళ్ళూ నేను వాటిని వేరు వేరు కవర్లలో పెట్టి, మొదటి దాని మీద గురువారం అని పెద్దగా రాసి, ఆమె చేత రెండుసార్లు చెప్పించుకుని పంపేదాన్ని. ఆ మందుతో ఆమె వేళ్ళు మళ్ళీ పోగులు పట్టుకున్నాయి.

"ఏమయింది?" అన్నాను.

కొంగు తీసింది. పెదాలు చిట్లి, లోపలంతా తెల్లటి పుండ్లు. "సంగటి మింగేకి కాలేదక్కా. మజ్జిగ తాగినా మంట. సెగ చేసిందని సబ్జా గింజలు తాగినా. తగ్గల్యా."

"గురువారం మాత్ర వేసుకుంటున్నావా?"

"వేస్కుంటాండా. గురువారం పెద్దది, రోజూ చిన్నది. నువ్వు చెప్పినట్లే."

నా చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. నేను చెప్పింది పెద్దది, చిన్నది అని కాదు. కానీ ఇంట్లో ఆమె అలా గుర్తుపెట్టుకుంది. అప్పట్లో మా షాపులో దొరికే కంపెనీ మాత్రలకు అది సరిపోయింది కూడా.

"ఈసారి మందులు ఎక్కడ తీసుకున్నావు?"

"మా మరిది ఫోన్లో తెప్పిచ్చినాడు. ఇంటికే తెచ్చిచ్చినారు. ఎండలో యాడ తిరుగుతావు వదినా అన్యాడు."

"అట్టలు ఉన్నాయా?"

సంచిలోంచి తీసింది. డాక్టరు రాసిన మందులే, మోతాదు కూడా అదే. కానీ కంపెనీలు వేరు. మా షాపువాళ్ళది కాని ఏదో గోదాములో ఏది ఉంటే అది పెట్టి పంపారు. ఇందులో వారానికొకసారి వేసుకోవాల్సిన మాత్ర చిన్నది, రోజూ వేసుకునేది పెద్దది. ఆమె లెక్క తలకిందులైంది. ఏడు రోజులకు ఒకటి వేసుకోవాల్సిన విషం లాంటి మందు రోజుకొకటి వేసుకుంటోంది. అట్టలో చాలా గదులు ఖాళీగా ఉన్నాయి.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేడిగా ఉంది. మోచేతి కింద కమిలిన మచ్చలు. "ఎక్కడైనా కొట్టుకున్నావా?" అంటే, "ల్యా, ఊరికే వస్తాండాయి," అంది. రక్తం తయారయ్యే చోటే ఆ మందు దెబ్బ కొడుతుందని చదువుకున్నాను. చదువుకున్నది ఎదురుగా నిలబడి ఉండగా చూడటం అదే మొదటిసారి.

"ఈ చిన్న మాత్ర ఇంక ఒక్కటి కూడా వేసుకోవద్దు. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

"నోటిపూతకు ఆస్పత్రేమక్కా?" అని నవ్వబోయి, పెదవి చిట్లి ఆగిపోయింది. "మగ్గం కాడ పడుగు సగంలో ఉండాది. పెండ్లిచీర. రేపు పోతాలే."

"రేపటిదాకా ఆగితే నీకు పోగులు పట్టే పని ఉండదు," అన్నాను. అంత కటువుగా అనాలని అనుకోలేదు. ఆమె ముఖం మారిపోయింది. కౌంటరు మీద చెయ్యి ఆనించి, "నాకేమయింది?" అని మెల్లగా అడిగింది.

అద్దాల గదిలో తెర మోగుతూనే ఉంది. కౌంటరమ్మాయి నా వైపు చూసి, "అక్కా, బిల్లులు నిలిచిపోయినాయి. జనం అరుస్తాండారు," అంది. నోటిపూతతో వచ్చిన ఆమెకు తోడు ఎవరూ లేరు. ఆమె మొగుడికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మగ్గం శబ్దంలో వినిపించి ఉండదు. మరిది హిందూపురం పోయాడట. ఒక్కదాన్నే ఆటో ఎక్కిస్తే ఆసుపత్రికి పోదని, ఇంటికే పోతుందని నాకు తెలుసు.

ఫార్మసిస్టు లేని షాపులో చీటీ మందులు ఇవ్వకూడదు. అది చట్టం, మంచి చట్టం కూడా. కౌంటరమ్మాయితో, "నేను వచ్చేదాకా చీటీలు ఆపు. సబ్బులూ డబ్బాలూ అమ్ముకో. ఈమె ఇంటికి ఫోన్ చేస్తూనే ఉండు," అన్నాను.

"సారు అడిగితే ఏం చెప్పల్ల?"

"మేడమ్ ఆసుపత్రికి పోయిందని చెప్పు."

ఆటో కళామందిరం దాటిందో లేదో మేనేజరు ఫోను. "మేడమ్, యాడుండారు? మీ స్టోరు మొత్తం రెడ్‌లో ఉండాది."

చెప్పాను. అతను అంతా విన్నాడు. తర్వాత, "అంబులెన్సుకు చెప్పి మీరు సీట్లోకి పోయింటే బాగుండు కదా మేడమ్," అన్నాడు. అతను చెప్పిందీ తప్పు కాదేమో. కానీ అప్పటికే ఆమె తల నా భుజం మీద పడి ఉంది. ఒళ్ళు కాలుతోంది. "తర్వాత మాట్లాడతా," అని పెట్టేశాను. నా పాదం ఆటోలో ఆడటం లేదని అప్పుడు గమనించాను.

ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. అట్టలు రెండూ ఆమె ముందు పెట్టి, ఏది ఎలా వేసుకుందో చెప్పాను. ఆమె అట్టను వెలుతురులో పట్టుకుని చూసింది, ఖాళీ గదులు లెక్కపెట్టింది, రక్తం తీయించింది. ఆ ఫలితం రాకముందే అనంతపురానికి ఫోన్ చేసి, ఆ మందుకు విరుగుడు ఇంజెక్షను ఉందా అని అడిగింది. ఉందన్నారు. అంబులెన్సు సిద్ధం చేశారు.

అప్పుడు వచ్చాడు ఆమె మొగుడు, మగ్గం దిగి అలాగే పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. చొక్కా మీద ఎర్రటి పట్టు పోగులు అంటుకుని ఉన్నాయి. "ఏమక్కా, నోరు పుండైతే అనంతపురమా? ఏమన్నా దాపెడతాండారా?" అని నన్నే నిలదీశాడు. చెప్పాను. అర్థమయ్యేదాకా చెప్పాను. మాత్రలు పక్కపక్కన పెట్టి చూపించాను. అతను వాటిని చాలాసేపు చూసి, "రెండూ ఒకే మాదిరి ఉండాయి కదక్కా. మేమేం చేయల్ల?" అన్నాడు. అంబులెన్సు ఎక్కి పోయారు.

షాపుకు తిరిగి వచ్చేసరికి బెంచీ నిండా జనం. ఒకాయన లేచి, "జీతం తీసుకుని యాడికి పోతావమ్మా?" అని గట్టిగా అడిగాడు. గదిలోకి పోయి కూర్చుని ఒక్కొక్క చీటీ చూడటం మొదలుపెట్టాను. ప్రతి చీటీనీ రెండుసార్లు చదివాను, గీత ఎర్రబడితే ఎర్రబడనీ అని.

మేనేజరు మరుసటి రోజు పొద్దున్నే వచ్చాడు. గదిలో రెండో కుర్చీ లేదు కాబట్టి నిలబడే మాట్లాడాడు. "మీరు చేసింది మంచి పనే మేడమ్. కాదనను. కానీ పైవాళ్ళకు నేనేం రాయల్ల?"

"జరిగింది రాయండి," అన్నాను. "ఇంకోటి కూడా రాయండి. వారానికొకసారి వేసుకునే మాత్ర ఏ ఇంటికి పోయినా, పోయేముందు ఫార్మసిస్టు ఆ మనిషితో మాట్లాడాలి. ఫోన్లోనైనా సరే. కంపెనీ మారితే అది కూడా చెప్పాలి. నా కుర్చీ కౌంటరు పక్కన వేయండి. ఆమె నా గదిలోకి రాలేదు, చూశారు కదా. నేనే బయటికి వచ్చాను, అది కూడా నీళ్ళకు."

అతను ల్యాప్‌టాప్ తెరిచి రాసుకున్నాడు. పోతూ పోతూ, "మా అమ్మ కూడా రెండు రకాల షుగరు మాత్రలు వేస్కుంటాది మేడమ్. ఏది ఏ యాలకు వేస్కుంటాదో నేనెప్పుడూ అడగల్యా," అన్నాడు.

ఆ నేతింటి కోడలు అనంతపురం ఆసుపత్రిలో వారాల తరబడి ఉంది. మధ్యలో రెండు రోజులు ఆశ లేదన్నారట. ఆ రోజుల్లో నేను ఏ పనిలోనూ నిలవలేకపోయాను. కౌంటరమ్మాయి ఆమె మొగుడికి ఫోన్ చేసి, అద్దం అవతలి నుంచి నాకు చేత్తో సైగ చేసేది. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఇంకా చెప్పలేమని. ఒక సాయంత్రం బొటనవేలు పైకెత్తింది. లేచి బయటికి పోయి ఆ పిల్లను కావలించుకున్నాను. ఎంతసేపు సీట్లో లేనో రిపోర్టులో వచ్చే ఉంటుంది.

కోలుకున్నాక ఆమె షాపుకొచ్చింది. సగమైపోయింది. జుట్టు రాలి, నెత్తిన కొంగు కప్పుకుంది. నేను బయటికి వచ్చేసరికి నోరు తెరిచి చూపించింది. "చూడక్కా, మానిపోయినాయి." పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుతుండగా ఉన్నట్టుండి అడిగింది. "నువ్వు ముందు మాదిరి ఈడనే నిలబడి ఉండింటే నాకీ పాట్లు ఉండేవా?"

కోపంగా అడగలేదు. నేతవాళ్ళు మాట దాచుకోరు, అంతే. ఫోన్లో తెప్పించుకున్నది వాళ్ళ మరిది. పంపింది ఏదో గోదాము. వాటికీ నాకూ సంబంధం లేదు. ఇవన్నీ చెప్పొచ్చు. చెప్పలేదు. "ఉండేవి కాదేమో," అన్నాను. ఆమె తల ఊపింది. మరిదిని మాత్రం తిట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పిందట. "నేను ఎండలో తిరగకూడదని తెప్పిచ్చినాడు పాపం," అంది.

కంపెనీ నుంచి జవాబు వచ్చింది, నేను ఊహించని రూపంలో. ఒక ఉదయం తెర తెరిచేసరికి పచ్చ మీట పైన కొత్తగా ఒక చిన్న గడి. దాని పక్కన, "రోగికి వివరించడమైనది." అందులో గుర్తు పెడితేగానీ పచ్చ మీట నొక్కుడు పడదు. వారం మాత్రల వంటి వాటికి రోగి ఫోన్ నంబరు కూడా చూపిస్తోంది. నా మాట విన్నారని సంతోషించాలా? వివరించడానికి మాత్రం ఒక్క నిమిషం కూడా కలపలేదు. గీత అంతే తొందరగా ఎర్రబడుతోంది.

మిగతా షాపుల్లో ఆ గడిలో గుర్తు ఎలా పెడుతున్నారో నాకు తెలుసు. చెయ్యి అలవాటుగా పోతుంది. వాళ్ళనేం అనను. నా వల్ల కాలేదు. చెప్పకుండా చెప్పానని రాయడం కంటే లేచి బయటికి పోయి చెప్పి రావడమే నాకు సులువు. ప్రతి చీటీకీ లేచాను. పోయాను, చెప్పాను, వచ్చాను. "మందులియ్యమంటే పాఠం చెప్తాండావేమమ్మా," అని విసుక్కున్నవాళ్ళున్నారు. బస్సు తప్పిందని పోట్లాడినవాళ్ళున్నారు. జిల్లా షాపుల వేగం పట్టీలో మా షాపు అడుగుకు పోయింది. మేనేజరు రెండుసార్లు బతిమాలాడు, ఒకసారి గట్టిగా మాట్లాడాడు. చివరికి మధ్యాహ్నాలకు ఇంకో ఫార్మసిస్టును వేశారు. కొత్తగా చదువై వచ్చిన అమ్మాయి. నా మీద గౌరవంతో కాదు, బిల్లులు ఆగుతున్నాయని. ఏదైతేనేం, మధ్యాహ్నం నుంచి నేను కౌంటర్లో నిలబడుతున్నాను. ఆ అమ్మాయి గదిలో కూర్చుంటుంది. అప్పుడప్పుడు అద్దంలోంచి నన్నే చూస్తుంటుంది. రేపోమాపో ఆమె కూడా లేస్తుందనుకుంటాను.

కానీ ఈ కుదురులేనితనం నన్ను వదల్లేదు. షాపులో మొదలైంది షాపులో ఆగడం లేదు.

మొన్న సాయంత్రం పుట్టపర్తి బస్సెక్కాను. నేనుండేది కొత్తచెరువులో. పక్క సీట్లో ఒక ముసలామె, ఒళ్ళో గొర్రెల సంతలో కొన్న కొత్త తాడు చుట్ట. మందుల కవరు తీసి, ఒక మాత్ర నోట్లో వేసుకోబోయింది. మెరిసే కవరు, ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చిందే.

"ఏం మాత్రమ్మా అది?" అన్నాను.

ఆమె కవరు మూసి చంకలో పెట్టుకుంది. "నీకేమిటికమ్మా?"

నిజమే, నాకెందుకు? కిటికీలోంచి బయటికి చూశాను. ఎండిన శనగచేలు, దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. పాదం మళ్ళీ ఆడటం మొదలుపెట్టింది. "నేను మందుల షాపులో పనిచేస్తానవ్వా," అన్నాను, అటే చూస్తూ. కండక్టరు కొత్తచెరువు అని అరిచాడు. నేను లేచి సంచి భుజానికి తగిలించుకున్నాను.

అప్పుడు ఆమె నా చీర కొంగు పట్టుకుని లాగింది. "ఇది తిన్నంక వేస్కోవల్నా, తినకముందా? మనవరాలు చెప్పింది గానీ మర్చిపోయినా."

"ఏదీ, చూపించు," అని మళ్ళీ కూర్చున్నాను. కండక్టరు, "అక్కా, దిగవా?" అన్నాడు.

"ముందు స్టాపు బుక్కపట్నం దాకా ఇంకో టిక్కెట్టు ఇవ్వు," అని, అట్టను వెలుతురు వైపు తిప్పాను.